బస్సెక్కిన పుస్తకం

ఇప్పుడు మా లైబ్రరీకి వారానికోసారి వ్యాను వస్తుంది. తెల్లటి వ్యాను. లోపల ప్లాస్టిక్ డబ్బాలు, ఒక్కో డబ్బా మీద ఒక్కో ఊరి పేరు: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి. పిల్లలు ఫోన్లో పుస్తకం అడుగుతారు, అది ఈ మూడు ఊళ్లలో ఎక్కడున్నా వ్యానెక్కి వచ్చేస్తుంది. డ్రైవరు డబ్బా దింపి, సంతకం చేయించుకుని, గ్లాసుడు నీళ్లు తాగి వెళ్లిపోతాడు. నాతో రెండు ముక్కలు మాట్లాడడు. మంచి పద్ధతే, నేను కాదనను. ఇట్లాంటిది కావాలని కొట్లాడిన వాళ్లలో నేనూ ఒకదాన్ని. అయినా ఆ వ్యాను గేటు దాటిన ప్రతిసారీ నా మనసు మాత్రం జనగామ బస్టాండుకు పోతుంది. పోయి అక్కడి సిమెంటు బెంచీ మీద కూర్చుంటుంది.

యూనివర్సిటీ వాళ్లు జనగామలో నడిపే చిన్న పీజీ కాలేజీకి నేను లైబ్రేరియన్ని. మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో కూడా వాళ్లవి ఇట్లాంటి కాలేజీలే ఉన్నాయి. నేనూ, బూజులు దులిపే ఒక ఆయమ్మా తప్ప ఇంకెవరూ లేరు. నర్మెట్ట నుంచి, తరిగొప్పుల నుంచి, చిల్పూర్ నుంచి పొద్దున బస్సులకు వచ్చిన పిల్లలు సాయంత్రం బస్సు వేళ దాకా మా రీడింగ్ హాల్లోనే ఉంటారు. మధ్యలో క్లాసు ఉంటే వెళ్లి వస్తారు. ఫ్యాను కింద చోటు కోసం గిచ్చుకుంటారు. వాళ్లను నేను తిట్టని రోజు లేదు. నా నోరు మంచిది కాదని మా ఇంట్లో అంటారు, కాలేజీలోనూ అంటారు. నిజమే, మంచిది కాదు. కానీ పుస్తకం అడిగిన పిల్ల చేతికి పుస్తకం పోకపోతే నాకు ఆ పూట అన్నం సయించదు. అదీ నిజమే.

ఆ రోజుల్లో, అంటే మరీ పాత రోజులేం కాదు, అందరి చేతుల్లో ఫోన్లు వచ్చిన తర్వాతి మాటే ఇది, మా మీదికి ఒక కార్యక్రమం వచ్చి పడింది. లైబ్రరీల వాడకం పెంచాలట. పై నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. బ్యానరు కట్టాం, బిస్కెట్లు పెట్టాం. తెర మీద బొమ్మలు వేసి చూపించారు. ఎన్నో వేల పుస్తకాలు ఇప్పుడు కంప్యూటర్లోనే ఉన్నాయని, మీట నొక్కితే చాలని చెప్పారు. పిల్లలందరికీ పాస్‌వర్డులు పంచారు. పిల్లలు చప్పట్లు కొట్టి, బిస్కెట్లు తిని, మళ్లీ వచ్చి ఫ్యాను కింద కూర్చున్నారు. ఆ వేల పుస్తకాల్లో తెలుగు పుస్తకం వెతికి పట్టుకోవడమే గగనం. మా పిల్లల్లో సగానికి పైగా తెలుగు మీడియం.

చివర్లో "మీ సలహా ఏమన్నా ఉందా మేడం?" అని మర్యాదకు అడిగారు. మర్యాదకు అడిగినప్పుడు మర్యాదగా 'లేదు' అనాలి. నాకది చేతకాదు.

"సార్, మా పిల్లలకు కావాల్సిన పుస్తకం ఉండనే ఉంది. మహబూబాబాద్ అలమారాలో ఉంది. మహబూబాబాద్ పిల్లలకు కావాల్సింది నా అలమారాలో ఉంది. భూపాలపల్లి వాళ్లకు కావాల్సింది వీటిలో ఏదో ఒకచోట ఉంది. కంప్యూటరు ఎక్కడుందో చెప్తుంది గానీ తెచ్చి ఇవ్వదు కదా? ఆ తెచ్చే దారి ఏదో మీరు చూడండి, చాలు" అన్నాను.

"అధికారికంగా లేఖ రాస్తే మెయిన్ లైబ్రరీ ద్వారా తెప్పించుకోవచ్చు కదమ్మా" అన్నారు పెద్దాయన.

"తెప్పించుకోవచ్చు సార్. అది వచ్చేసరికి పరీక్షలయిపోయి ఫలితాలు కూడా వస్తాయి."

పిల్లలు నవ్వారు. ఆయన మొహం మాడ్చుకున్నారు. మా ప్రిన్సిపాల్ నన్ను ఒక చూపు చూశారు. సమావేశం అయిపోయింది, బ్యానరు మాత్రం చాలా రోజులు గోడకే ఉండిపోయింది.

ఆ వేడి ఇంకా చల్లారకముందే, ముసురు పట్టిన ఒక రోజు, భూపాలపల్లి నుంచి ఫోన్ వచ్చింది. ఆడపిల్ల గొంతు. వెనక చంటిపిల్ల ఏడుపు.

"మేడం, నేను మీ కాలేజిల చదువలే. భూపాలపల్లిల ఎమ్మే చదివిన, ఎకనామిక్స్. అన్ని పేపర్లు అయిపోయినయి, గణాంకశాస్త్రం ఒక్కటే ఉండిపోయింది. తెలుగుల ఒక పుస్తకం ఉన్నదట, లెక్కలన్నీ విడమర్చి చెప్పింది. ఈడ సారు కంప్యూటర్ల చూసిండు. మీ దగ్గర ఒక్కటే ఉన్నదట."

ఉంది. ఆ పుస్తకం నాకు బాగా తెలుసు. అచ్చు ఆగిపోయి ఎన్నాళ్లో అయింది, బజార్లో దొరకదు. అట్ట ఊడిపోతే నేనే గుడ్డ అంటించి కుట్టాను. లెక్కలంటే భయపడే పిల్లలకు అదొక్కటే దిక్కు. ఏ మెట్టూ ఎగరగొట్టకుండా, పక్కన కూర్చుని చెప్పినట్టు రాసిన పుస్తకం.

"పరీక్ష ఎప్పుడమ్మా?"

"వచ్చే సోమవారం మేడం. గిదే ఆఖరు అవకాశం. గిప్పుడు తప్పితె సిలబస్ మారుతదట, మళ్ల అన్ని పేపర్లు మొదలుకెల్లి రాయాల్నట. మా ఇంట్ల ఇగ రాయనియ్యరు మేడం. మా ఆయన బొగ్గుబాయిల కాంట్రాక్టు మీద చేస్తడు. గీ ఒక్కసారికే ఒప్పుకున్నడు. ఎమ్మే అయితె గురుకులంల పంతులమ్మ నౌకరికి పెట్టుకుందామని నాకు ఆశ."

ఫోటోలు తీసి ఫోన్లోకి పంపనా అన్నాను. ఆమెది బటన్ ఫోనట. పెద్ద ఫోను భర్త పనికి పట్టుకుపోతాడట. మెయిన్ లైబ్రరీకి లేఖ రాయమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చదువు అయిపోయిన పిల్ల కాబట్టి ఆమెకు కార్డు కూడా లేదు. నా కార్డు మీదే పుస్తకం తీసేశాను.

మరి పంపడం ఎట్లా? మా దిక్కు వాళ్లకు ఇది అడగాల్సిన ప్రశ్నే కాదు. హాస్టల్లో ఉన్న పిల్లలకు తల్లులు అన్నం, కూరలు, ఉతికిన బట్టలు, పచ్చళ్లు అన్నీ బస్సులోనే వేస్తారు. డ్రైవరు సీటు పక్కన సంచి పెట్టి "అన్నా, జర మా పిల్లకు ఇయ్యవా, బస్టాండ్ల నిలవడి ఉంటది" అంటే చాలు. ఆయన విసుక్కుంటాడు, కానీ ఇస్తాడు. బస్సు నంబరు ఫోన్లో చెప్తే పిల్ల వచ్చి తీసుకుంటుంది. కూర పోయే దారిలో పుస్తకం పోకూడదా?

ఈ ఆలోచన నాకు కొత్తది కాదు. ఒకసారి మహబూబాబాద్ లైబ్రేరియన్‌తో అన్నాను. ఆయన నాకంటే పెద్ద, రిటైర్మెంటు దగ్గర పడ్డ మనిషి, మోకాళ్ల నొప్పులు. రూలంటే రూలే. "మేడం, లైబ్రరీ పుస్తకం లైబ్రరీ వాళ్ల చేతిల నుంచే పోవాలె. డ్రైవర్ పక్కన టిఫిను డబ్బలెక్క పెడితే ఎట్ల?" అని కోప్పడ్డారు. అందుకే ఈసారి ఆయనకు చెప్పలేదు, మా ప్రిన్సిపాల్‌కూ చెప్పలేదు.

భూపాలపల్లికి ఇక్కడి నుంచి నేరుగా బస్సు లేదు కాబట్టి, ఆ పిల్ల హనుమకొండ బస్టాండుకు వచ్చి తీసుకుంటానంది. శుక్రవారం పొద్దున్నే బస్టాండుకు వెళ్లాను. సన్నగా వాన. పుస్తకం తడుస్తుందని ప్లాస్టిక్ కవరు చుట్టి, దాని మీద పాత తువ్వాలు చుట్టి ముడివేశాను. ఆ మూటను మా ఊరి బట్టల దుకాణం సంచిలో పెట్టాను. ఆకుపచ్చ సంచి, మీద పెళ్లికూతురి బొమ్మ. జనగామలో ఏ పెళ్లి జరిగినా బట్టలు ఆ దుకాణంలోనే కొంటారు కాబట్టి చుట్టుపక్కల ఏ ఇంట్లో చూసినా మేకుకు ఆ సంచే వేలాడుతుంటుంది.

బెంచీ మీద నా పక్కన కూర్చున్నామె ఒళ్లోనూ అదే సంచి. నర్మెట్ట నుంచి మొదటి బస్సుకు వచ్చిందట. బిడ్డ మహబూబాబాద్‌లో నర్సింగ్ చదువుతోందట.

"కోడికూర వండిన చెల్లె. రొట్టెలు చేసిన. హాస్టల్ల పప్పు నీళ్లలెక్క ఉంటదట, పిల్ల చిక్కిపోయింది" అంది.

"నేను పుస్తకం పంపుతున్న అక్కా" అన్నాను.

"పుస్తకం గూడ బస్సుల ఎక్కిస్తరా!" అని ఆశ్చర్యపోయింది. ఎవరికి, ఏంటి, ఎందుకు అని అంతా అడిగింది. అంతా చెప్పాను. మొగుడు ఏమంటాడు, అత్త ఎట్లాంటిది, పిల్ల ఎంత పెద్దది అని నాకే తెలియనివి కూడా అడిగింది. ఇద్దరం కలిసి, మొహం కూడా తెలియని ఆ అత్తను నాలుగు తిట్టి చాయ్ తాగాం. బస్సులు రావు. లైబ్రరీ తెరిచే వేళయింది, పిల్లలు వరండాలో తడుస్తూ ఉంటారని నాకు గాభరా.

"నువ్వు పో చెల్లె. రెండు సంచులు నేనే ఎక్కిస్త. నాది మానుకోట బస్సు, నీది హనుమకొండ బస్సు. గంతే కదా?" అంది. మహబూబాబాద్‌ను మా దిక్కు మానుకోట అనే అంటారు. నేను సంచి ఆమె పక్కన పెట్టి, నా ఫోన్ నంబరు ఇచ్చి, పదిసార్లు చెప్పి, వాన తగ్గగానే నడిచి వచ్చేశాను. తర్వాత ఆమె హనుమకొండ బస్సు నంబరు ఫోన్లో చెప్పింది, నేను భూపాలపల్లి పిల్లకు చెప్పాను. ఆ పిల్ల అప్పటికే హనుమకొండ బస్టాండుకు వచ్చి నిలబడి ఉంది.

ఇంకేముంది, బస్సు హనుమకొండ చేరే వేళకు, పని అయిపోయిందని సంతోషంగా చాయ్ పెట్టించుకున్నాను. ఆ చాయ్ తాగకముందే ఫోన్ మోగింది.

"మేడం, సంచిల కూరున్నది."

"కూరేంది?"

"కోడికూర మేడం. రొట్టెలు గూడ ఉన్నయి. పుస్తకం లేదు."

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక ఫోన్ మీదే అరిచాను. "మంచిగ చూడమ్మా, అడుగున చూడు!" అడుగున ఏముంటుంది, ఉల్లిగడ్డ ముక్కలున్నాయట. అప్పుడు ఆ పిల్ల ఏడ్చింది.

"పాపను దవాఖానల చూపియ్యాలె అని అత్తమ్మకు అబద్ధం చెప్పి వచ్చిన మేడం. మళ్ల రేపు రావాల్నంటె ఏం చెప్పాలె? ఆఖరు బస్సుకు ఇంట్ల పడాలె. లేకుంటె నా బతుకు ఆగమైతది."

నర్మెట్ట అక్కకు ఫోన్ చేశాను. ఆమె అప్పుడే ఊళ్లో దిగింది. "అయ్యో నా చెయ్యిరుగ! నా సంచి వెచ్చగ ఉంటది, నీది సల్లగ ఉంటది అనుకున్న. గీ ముసురుకు రెండూ సల్లబడ్డయి చెల్లె" అని లబలబలాడింది. అంటే పుస్తకం మహబూబాబాద్ బస్సులో ఉంది. పాలకుర్తి మీదుగా, తొర్రూరు మీదుగా హాయిగా పోతోంది. దాన్ని దారిలో ఆపేవాళ్లెవరు? నర్సింగ్ పిల్ల క్లాసులో ఉంది, ఫోన్ ఎత్తదు.

భూపాలపల్లి పిల్లకు మళ్లీ ఫోన్ చేశాను. "వాపస్ పోకు. ఏదో ఒకటి చేస్త" అన్నాను. ఏం చేస్తానో నాకే తెలియదు. చిల్పూర్ గుట్ట మీది బుగులు వెంకన్న బుగులు, అంటే భయం, తీసే దేవుడంటారు. ఆ దేవుడికి కుర్చీలో నుంచే దండం పెట్టుకున్నాను.

"పాప ఏమన్న తిన్నదా?" అని అడిగాను.

"బిస్కెట్లు తిన్నది మేడం."

"ఆ రొట్టె ఇంత పెట్టు. నువ్వూ తిను."

"వేరేటోళ్ల బిడ్డకు పంపిన బువ్వ, ఎట్ల తింట మేడం?"

ఒళ్లు మండింది. ఉపాసం ఉండి పరీక్ష రాస్తుందా? "తినవే! గా అక్కకు నేను చెప్తా" అని కసిరాను. తిందో లేదో తెలియలేదు.

మధ్యాహ్నం దాటాక మహబూబాబాద్ లైబ్రేరియన్ నుంచి ఫోన్. ఆయన నంబరు చూడగానే నాకు విషయం అర్థమైంది. నర్సింగ్ పిల్ల కూర కోసమని బస్టాండుకు వచ్చి, మూట విప్పి, పుస్తకం చూసి బిత్తరపోయిందట. మొదటి పేజీ మీద మా యూనివర్సిటీ ముద్ర ఉంది. ఆ ఊళ్లో అదే యూనివర్సిటీ కాలేజీ ఉంది కదా అని నేరుగా ఆయన దగ్గరికి తీసుకెళ్లిందట. ఆకలితో ఉండి కూడా పుస్తకాన్ని చేర్చాల్సిన చోటికి చేర్చిన ఆ పిల్లకు ఈ రోజుకీ నా దీవెనలు.

"మేడం, మీ పుస్తకం నా టేబుల్ మీద ఉన్నది. తువ్వాల కట్టుకొని వచ్చింది" అన్నారాయన. గొంతులో వెటకారం. మామూలప్పుడైతే నేనూ ఒకటి అంటించేదాన్ని. ఆ రోజు చేతకాలేదు. ఆ పిల్ల సంగతి, ఆఖరి అవకాశం, అత్తకు చెప్పిన అబద్ధం, సోమవారం పరీక్ష అన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను. చెప్తుంటే నాకే ఏడుపొచ్చింది.

ఇక రూలు చదువుతారనుకున్నాను.

"గా అమ్మాయి యాడున్నది గిప్పుడు?"

"హనుమకొండ బస్టాండ్ల, సార్."

"వరంగల్‌కు రైలున్నది. నేను పోత" అని పెట్టేశారు.

ఇప్పుడు తలుచుకున్నా నవ్వూ వస్తుంది, కళ్లలో నీళ్లూ వస్తాయి. లైబ్రరీ పుస్తకం లైబ్రరీ వాళ్ల చేతిలో నుంచే పోవాలన్న మనిషి, ఆ మాట మీదే నిలబడ్డారు. గొడుగు పట్టుకుని, పుస్తకం చంకలో పెట్టుకుని, ఆ మోకాళ్లతో మహబూబాబాద్ స్టేషన్ మెట్లెక్కి దిగి, వరంగల్ దాకా నిలబడి ప్రయాణం చేసి, ఆటో మాట్లాడుకుని హనుమకొండ పోయారు. ఆయన ఒకవైపు పోతుంటే నేను ఇక్కడ రీడింగ్ హాల్లో ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగాను. ఏ పిల్ల ఏ పుస్తకం అడిగిందో, నేను ఏది ఇచ్చానో గుర్తు లేదు. సాయంత్రమైంది, మా పిల్లలు బస్సులకు వెళ్లిపోయారు, ఆయమ్మ తాళంచెవులు పట్టుకుని గడపలో నిలబడింది. నేను కదలలేదు.

దీపాలు పెట్టే వేళకు ఫోన్ వచ్చింది. వెనక బస్టాండు మైకు గోల.

"ఇచ్చిన మేడం."

"ఇచ్చినరా! ఎట్లున్నది సార్ పిల్ల?"

"ఎట్లుంటది? పరేషాన్ల ఉన్నది. సంకల పాప. పుస్తకం తీసుకొని కొంగుల చుట్టుకున్నది. పాపను నాకిచ్చి సంతకం పెట్టింది." అంత హడావిడిలోనూ ఆయన సంతకం పెట్టించుకున్నారు! "భూపాలపల్లి బస్సు కదిలెదాక ఉన్న. సీటు దొరికింది. కిటికి పక్కన కూసొని అప్పుడే తీసి చదువుతున్నది."

అప్పుడు తాళం వేశాను.

మర్నాడు నర్మెట్ట అక్క మళ్లీ మొదటి బస్సుకు దిగి, బస్టాండులో కాకుండా ఈసారి నేరుగా మా లైబ్రరీకే వచ్చింది. చెప్పులు గడప బయట విడిచి, లోపలికి రావచ్చో లేదో అన్నట్టు తొంగి చూసింది. ఆమె అడిగిన మొదటి మాట పుస్తకం గురించి కాదు.

"గా పిల్ల తిన్నదా చెల్లె? కారం ఎక్కువైందేమో, పసిదానికి పెట్టిందో ఏమో!"

తిందని చెప్పాను. రాత్రి ఆ పిల్లే ఫోన్ చేసి చెప్పిందని అబద్ధమాడాను. ఆమె బిడ్డకు ఆ పూట మహబూబాబాద్ సార్ వాళ్ల ఇంటి నుంచి అన్నం వెళ్లిందట. ఆయన రైలెక్కే ముందు ఇంటికి ఫోన్ చేసి చెప్పారట. రీడింగ్ హాల్లో వంచిన తలలన్నీ చూసి "గింతమంది గిట్ల సప్పుడు చెయ్యకుండ ఎట్ల కూసుంటరే!" అని గుసగుసగా అంది. నాకు గర్వమేసింది. ఆమె వెళ్లేదాకా పిల్లలు నిజంగానే చప్పుడు చేయలేదు.

ఆ పిల్ల పరీక్ష రాసింది. పుస్తకం జాగ్రత్తగా బస్సులో వాపసు వచ్చింది, అట్టకు పాత క్యాలెండర్ కాగితం వేసి ఉంది. ఎట్లా రాసిందో అడగాలని ఫోన్ చేస్తే "రాసిన మేడం. దేవుడున్నడు" అని ఊరుకుంది. అంతకు మించి నొక్కి అడగలేకపోయాను.

అప్పటి నుంచి మా దారి తెరుచుకుంది. సంతకాలు రాసిపెడితే చాలని మహబూబాబాద్ సార్ కూడా ఒప్పుకున్నారు. ఇక్కడి పుస్తకాలు భూపాలపల్లికి, మహబూబాబాద్‌వి ఇక్కడికి, కూరలతో పాటు, ఉతికిన బట్టలతో పాటు ప్రయాణం చేశాయి. సంచికి మాత్రం నేను ఎర్ర రిబ్బను కట్టడం మొదలుపెట్టాను. డ్రైవర్లకు అలవాటైంది. "మేడం, ఇయ్యాల పుస్తకాల్లేవా?" అని వాళ్లే అడిగేవారు. బెంచీ మీద తల్లులు నాకు జరిగి చోటిచ్చేవారు. ఎవరి బిడ్డ ఏం చదువుతోందో, ఏ హాస్టల్లో బియ్యం బాగుండవో, ఏ పిల్లకు లెక్కలు రావో నాకు తెలిసేది. అలమారాలో బూజు పట్టిన పుస్తకాలు ఎన్నో ఆ తల్లుల నోటి నుంచి పిల్లల అవసరం విని బయటికి తీశాను. లైబ్రరీ వాడకం ఎట్లా పెంచాలో తెర మీద బొమ్మల్లో నాకు ఎవరూ చెప్పలేదు. ఆ బెంచీ మీద తెలిసింది.

వ్యాను కూడా ఆ రూల్ మనిషి పుణ్యమే. రిటైరయ్యే ముందు ఆయన ఒక కాగితం రాసి పైకి పంపారు. ఏ కళాశాల నుంచి ఏ కళాశాలకు, ఏ రోజు, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి అని అంతా పద్ధతిగా ఉంది. నేను అరిస్తే వినని పెద్దమనుషులు ఆయన రాస్తే విన్నారు. ఉడుక్కున్నాను, ఫోన్ చేసి అదే మాట అన్నాను కూడా. "మీరు అరవకుంటె నేను రాసేవాణ్ని కాదు మేడం" అన్నారాయన.

కానీ ఈ వ్యాను కథ కంటే ముందు జరిగింది ఒకటుంది. అది చెప్పకుండా ఆపితే నాకు నిద్రపట్టదు.

ఆ పరీక్ష ఫలితాలు వచ్చిన రోజు అది. వస్తాయని పేపర్లో వేశారు. పొద్దున్నుంచి ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చున్నాను. ఆ పిల్ల హాల్ టికెట్ నంబరు నేను తీసుకోలేదు, నా తెలివి తెల్లారినట్టే ఉంది. మధ్యాహ్నం దాకా ఫోన్ రాలేదు. తప్పిందేమో, అందుకే చేయలేదేమో అనుకున్నాను. చేసి ఓదార్చాలా, ఊరుకోవాలా అని తలకిందులయ్యాను. హాలు నిండా పిల్లలున్నారు, పరీక్షల రోజులు.

ఫోన్ మోగింది.

"మేడం, పాసైన."

అంతే అంది. "ఇంట్ల చెప్పినవా బిడ్డా? ఏమన్నరు?" అన్నాను.

"మా ఆయన డ్యూటికి పోయిండు మేడం. వచ్చినంక చెప్తె 'మంచిది' అంటడు, పండుకుంటడు. పాపం, పని గట్ల ఉంటది. అత్తమ్మకు చెప్పిన. 'అయితె ఇగ పుస్తకాలు బందేనా?' అన్నది. మా అమ్మ ఉంటె సంబురపడేది, లేదు. పొద్దుగాల్నే తెలిసింది మేడం. అప్పటిసంది ఇంట్లనే తిరుగుతున్న. పాసైన అంటె సంబురపడేటోళ్లు కావాలె కదా. ఎవ్వరు లేరు. గందుకే మీకు చేసిన."

ఆ మాట విన్నాక కుర్చీలో కూర్చోవడం నా వల్ల కాలేదు. ఫోన్ స్పీకరు పెట్టి, దాన్ని చేత్తో పైకి ఎత్తి పట్టుకుని హాలు మధ్యకు వెళ్లాను. వెళ్లి, గొంతు చించుకుని అరిచాను.

"పాసైందిరా! ఆఖరి పేపరు, గణాంకశాస్త్రం, పాసైంది! ఎమ్మే అయిపోయింది!"

తలలన్నీ లేచాయి. మేడంకు ఏమైంది అన్నట్టు నోళ్లు తెరుచుకుని చూశారు. తరిగొప్పుల నుంచి వచ్చే ఒకమ్మాయి లేచి నిలబడి, భయంభయంగా అడిగింది.

"ఎవరు మేడం?"

ఎవరని చెప్పను? ఆమె పొడుగో పొట్టో, నలుపో తెలుపో, ఆ రోజుకీ నేను చూసి ఎరగను.

"మన పిల్లనే. భూపాలపల్లిల ఉంటది. ఫోన్ల ఉన్నది, వింటున్నది."

ఆ తరిగొప్పుల అమ్మాయే మొదట చప్పట్లు కొట్టింది. పక్క పిల్ల కొట్టింది. ఆ తర్వాత హాలు హాలంతా లేచింది. బల్లలు చరిచారు, ఈలలు వేశారు, "కంగ్రాట్స్ అక్కా!" అని అరిచారు. ఆయమ్మ చీపురు కింద పడేసి వచ్చి మరీ కొట్టింది. నేను చేయి దించలేదు, ఫోన్‌ను అట్లాగే పైకి పట్టుకున్నాను.

చివరికి చెవి దగ్గర పెట్టుకుంటే అటు వైపు ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"ఎవరు మేడం గంతమంది?"

"నీ కోసం సంబురపడేటోళ్లు బిడ్డా" అన్నాను. "జర ఆగు, ఇంకా కొడుతున్నరు. విను."